కొండకు తగిన బండి

ఫిబ్రవరి 4
కొండమీది ఆరోగ్య కేంద్రం

తమ్ముడికి అక్క ఆశీస్సులు.

"ఇక్కడ అందరం క్షేమం" అని మొదలుపెట్టడం నాకు అలవాటు. ఈసారి ఆ వాక్యంలో సగమే నిజం గనుక సగమే రాస్తున్నాను: నేను క్షేమం.

మీ బావ బడి తలుపు బాగుచేస్తూ మేకు తొక్కారని పోయిన ఉత్తరంలో రాశాను. ఆ పుండు మానలేదు. షుగర్ ఉన్న మనిషికి మేకు ఎక్కడ దిగినా ఫరవాలేదు గాని అరికాల్లో దిగకూడదు. కిందికి తీసుకెళ్ళి చూపిస్తే పెద్దాసుపత్రి సర్జన్ తల కూడా ఎత్తకుండా చెప్పాడు: "వారం వారం తీసుకురండి, శుభ్రం చేస్తాను, కాలు నిలబడుతుంది. మానేశారా, ముందు కాలు, ఆ తర్వాత మనిషి."

ఆ రోజు తీసుకెళ్ళింది మన కేంద్రం పాత వ్యాను. తిరిగి వస్తూ మూడో మలుపు దగ్గర అది కూలబడింది. మెకానిక్ వచ్చి చూసి, "సిస్టరమ్మా, దీనికి మీ వైద్యమూ పనిచేయదు, నా వైద్యమూ పనిచేయదు" అని చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

ఇక మిగిలింది డోలీ. మన దారి ఎంత నిటారుగా ఉన్నా పెద్దలు రాళ్ళు పరిచిన దారి; కాలు జారదు. నలుగురు పట్టుకుంటే ఒక పూటలో దించుతారు. మీ బావ ఒప్పుకోరు. "బతికుండగానే నలుగురి చేత మోయించుకుంటే, పోయాక వాళ్ళకి కొత్తగా చేసే పనేముంటుంది?" అంటారు. పంతులు కదా, మోసేవాళ్ళంతా తన శిష్యులే. వాళ్ళ భుజాలెక్కడం నామోషీ. పోనీ నేను వెంట వస్తానంటే, నా బదులు మనిషి వచ్చేదాకా కేంద్రం వదిలి కదలరాదని మీ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. కింద సంతకం నీదే.

మా కేంద్రానికి కొత్త బండి కొంటున్నారని, ఏ బండి కొనాలో తేల్చే సంఘానికి నువ్వే కార్యదర్శివని విన్నాను. ఏ బండైనా సరే. ఎక్కి, దిగితే చాలు. వానలు మొదలయ్యే లోపల పంపించు. మరదలిని అడిగినట్టు చెప్పు.

అక్క


ఫిబ్రవరి 15
జిల్లా కార్యాలయం

విషయము: కొండకు తగిన వాహనము, బావ కాలు: ప్రస్తుత స్థితి తెలియజేయుట గురించి.
సూచిక: తమరి ఫిబ్రవరి 4 నాటి ఉత్తరము, అందలి మందలింపు.

అక్కయ్యకు నమస్కరించి నివేదించునది.

ఏళ్ళ తరబడి ఫైళ్ళు రాసినందున నా చేతికి ఇప్పుడు వేరే భాష పలకడం లేదు. "కూర ఎలా ఉందో నోటితో చెప్పండి, రిమార్కులు రాయకండి" అని మీ మరదలు సైతం ఫిర్యాదు చేసియున్నది. ఫిర్యాదు పరిశీలనలో ఉన్నది.

వాహన ఎంపిక సంఘంలో నాతో కలిపి ఐదుగురు సభ్యులు. వీరిలో కొండను చూసినవారు నేను తప్ప ఎవరూ లేరు. నిష్పాక్షికతకు ఇది ఎంతో అనుకూలమని అధ్యక్షులవారు మొదటి సమావేశంలోనే హర్షం ప్రకటించారు. నేను చూశాను గనుక నన్ను అభిప్రాయం చెప్పవద్దన్నారు.

పోటీలో రెండు వాహనములు నిలిచినవి. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందడం, రాళ్ళూ గుంటలూ లెక్కచేయకపోవడం రెండింటికీ ఉన్న గుణమే. మొదటిది పలకలు పలకలుగా, పాతకాలపు బీరువాకు చక్రాలు తగిలించినట్లుండును. ఆఫీసులో దీనిని "పెట్టె" అంటున్నారు. దీనిని లాగవచ్చును, కొట్టవచ్చును, తిట్టవచ్చును, నడుచును. రెండవది నున్నగా, వంపులతో, లోపల చల్లగా ఉండును. పేరు "చేప". దానిలో ఏ మీట నొక్కితే ఏమగునో అమ్మిన వ్యక్తి కూడా ధ్రువీకరించలేకపోయినాడు.

లెక్కల అధికారి పెట్టె పక్షము. ఆయన కారు ఒకసారి నడిరోడ్డున ఆగి తలుపులు తెరుచుకోక, సొంత అల్లుడి ముందు కిటికీలోంచి బయటికి రావలసి వచ్చినందున, మీటలున్న ఏ వస్తువునూ ఆయన నమ్మరు. ఇంజనీరుగారు చేప పక్షము. కారణం అడుగగా, "అందం కూడా ఒక సాంకేతిక అంశమేనండీ" అన్నారు. అధ్యక్షులవారు ఉదయం పెట్టె పక్షమున, భోజనానంతరం చేప పక్షమున ఉందురు. ఆఫీసులో క్యాంటీన్ బల్లలు సైతం రెండుగా విడిపోయినవి. పెట్టె బల్లవారు చేప బల్లవారికి ఉప్పు అందించడం లేదు.

ఈలోగా బావ ఒక్కసారికి డోలీ ఎక్కి, మా ఇంటి ముందుగదిలో వచ్చి ఉండవచ్చును. షరతులు: (అ) పొద్దున్నే పేపరు మొదట నాది, (ఆ) నా అక్షరదోషాలు దిద్దరాదు, (ఇ) బావ పూర్తిగా రావడానికి ఇష్టపడని పక్షంలో సదరు కాలును మాత్రమే పంపినను స్వీకరించబడును.

ఇట్లు,
విధేయుడైన తమ్ముడు


మార్చి 2

తమ్ముడికి,

నీ ఉత్తరాలు మీ బావ అరుగు మీద కూర్చుని పైకి చదువుతారని నీకు తెలుసు. మా ఆయా, మందుల కోసం వచ్చినవాళ్ళు, ఏ పనీ లేనివాళ్ళు అంతా చుట్టూ చేరతారు. ఉప్పు అందించడం లేదన్న చోట ఆయా పొట్ట పట్టుకుని నవ్వింది. (ఇ) దగ్గరికి వచ్చేసరికి ఆయన ఆగిపోయారు. కాగితం నాలుగు మడతలు పెట్టి, "మీ తమ్ముడికి కాలు ఒక్కటీ చాలట. మిగతాది బరువన్నమాట" అన్నారు.

"వేళాకోళానికి రాశాడండీ" అన్నాను.

"వేళాకోళం నాకు తెలీదా? ముప్ఫై ఏళ్ళు పిల్లల మధ్య బతికాను. వేళాకోళంలో నిజం ఏ మూల కూర్చుంటుందో కూడా తెలుసు."

నీకు తెలియని సంగతి ఒకటి రాస్తాను. నీ ఉత్తరం వచ్చిన రోజు పొద్దున్నే ఆయన డోలీకి ఒప్పుకున్నారు. "కళ్ళు మూసుకుని కూర్చుంటాను, ఎవరు మోస్తున్నారో చూడను, సరేనా?" అన్నారు. సంచీలో పంచెలు కూడా సర్దాను. సాయంత్రం సంచీ ఆయనే విప్పేసి, పంచెలు దండెం మీద వేసుకున్నారు.

చిటికెన వేలు రంగు మారింది. నేను రోజూ కడిగి కట్టు కడుతున్నాను గాని, నా దగ్గరున్నవి కట్లే, కత్తి కాదు.

ఆయనకి విడిగా ఒక్క ముక్క రాయి. "రా బావా" అని రాయి. అంతకన్నా ఏమీ వద్దు.

అక్క


మార్చి 12

విషయము: హాస్యము, వివరణ.
సూచిక: ఫిబ్రవరి 15 నాటి ఉత్తరం, అంశము (ఇ).

పూజ్యులైన బావగారికి,

పై సూచికలో పేర్కొన్న అంశము (ఇ) కేవలం హాస్యముగా ఉద్దేశించబడినది. హాస్యము అర్థం కాని పక్షంలో అది రాసిన తేదీ నుండే ఉపసంహరించబడినదిగా భావించవలెను. అంశములు (అ), (ఆ) యథాతథంగా అమలులో ఉండును.

అక్కయ్యకు విడిగా:

పెట్టెకా చేపకా అన్న ప్రశ్న కాగితం మీద తేలలేదు. అధ్యక్షులవారు ఎక్కుటకు వీలుగా మెట్టు ఉన్నదా అన్న అంశంపై రెండు సమావేశములు గడిచినవి. చివరకు రెండు వాహనములనూ సదరు కొండదారిపైనే నడిపి చూడాలని ఏకగ్రీవంగా నిర్ణయమైనది. నేను సంతోషించినాను. అయితే మన శాఖలో పాత నిబంధన ఒకటి ఉన్నది: అధికారులు ప్రయాణించు దారి ప్రయాణానికి యోగ్యమని రోడ్ల విభాగం ముందుగా ధ్రువీకరించవలెను. కొండదారి యోగ్యం కాదని వారు రాసినారు. యోగ్యం కానందుననే కదా ఈ వాహనములు కొనుట అని నేను రాసినాను. "ఆ సంగతి వాహనములకు వర్తించును, అధికారులకు వర్తించదు" అని బదులు వచ్చినది. కాబట్టి ముందుగా దారిని యోగ్యం చేయుదురు.

వానలకు ముందే పూర్తి చేయించుటకు నేను రోజూ వారి బల్ల ముందు నిలబడుచున్నాను. కుర్చీ వేయడం లేదు.

విధేయుడు


ఏప్రిల్ 9

తమ్ముడికి,

నువ్వు వివరణ రాయకుండా ఉంటే సగం మానేది. "అర్థం కాని పక్షంలో అట! ఊరందరికీ అక్షరం ముక్క నేర్పినవాడికి అర్థం కాదట!" అని మీ బావ ఆ కాగితాన్ని ఎర్ర సిరాతో దిద్దబోయి, చివరికి గూట్లో పెట్టుకున్నారు. తప్పులు దొరకలేదు. అది ఇంకా కోపం.

దారి పని మొదలైంది. మేస్త్రీ, యంత్రం, ఇరవై మంది కూలీలు దిగారు. ఏం చేస్తున్నారో చూద్దామని నేనూ ఆయా వెళ్ళాం. పాతదారి రాళ్ళన్నీ పళ్ళు పీకినట్టు పీకేస్తున్నారు. మీ బావ కర్ర పట్టుకుని కుంటుకుంటూ వచ్చి అడిగారు.

"రాళ్ళెందుకయ్యా పీకుతున్నారు?"

"ఎగుడుదిగుడుగా ఉన్నాయండి."

"ఎగుడుదిగుడు దారిలో నడవడానికేగా ఆ బండ్లు?"

"బండ్లు తట్టుకుంటాయండీ. లోపల కూర్చునేవాళ్ళే తట్టుకోలేరు."

"వానకి మట్టిని పట్టి ఉంచేవి ఆ రాళ్ళేనయ్యా."

"ట్రయలు వానాకాలంలో కాదు కదండీ" అన్నాడు మేస్త్రీ. పాపం, తెలివైనవాడే.

ఇప్పుడు మట్టి పోసి, రోలరు తిప్పి, గోడకి సున్నం కొట్టినట్టు నున్నగా చేశారు. ఈ కొండ మీద అంత అందమైన దారి మా తరంలో ఎవరూ చూడలేదు. ఆటో కూడా ఎక్కేస్తుంది. ఆశపడి కింది ఆటోవాణ్ణి పిలిపించాను. రానివ్వలేదు. అధికారులు రాకముందు చక్రం అచ్చు పడకూడదని కింద అడ్డంగా గొలుసు కట్టి తాళం వేశారు. డోలీ కూడా పనికిరాదు. మోసేవాళ్ళ కాళ్ళు ఆ నున్నని వాలులో జారుతున్నాయి. రెండుసార్లు ఖాళీ డోలీతో ప్రయత్నించి చూశాం.

రెండు వేళ్ళు నల్లబడ్డాయి. ట్రయలు రోజున ఏదో ఒక బండిలో ఆయన్ని దించాలి. నువ్వు వస్తావు కదా, నువ్వే చెయ్యి పట్టి ఎక్కించు. ఎన్ని అనుకున్నా నీ మొహం చూస్తే కరుగుతారు. చిన్నప్పుడు నీకు సైకిలు నేర్పింది ఆయనే.

అక్క


ఏప్రిల్ 24

విషయము: ట్రయలు, సీట్ల కేటాయింపు.

అక్కయ్యకు,

మే 14న ట్రయలు జరుగును. వానలకు ఇంకా వ్యవధి ఉన్నదని వాతావరణ శాఖవారు, లేదని మీ మరదలి మోకాళ్ళు చెప్పుచున్నవి. సంఘం మొదటివారి మాట స్వీకరించినది.

తిరుగు ప్రయాణంలో ఎవరి సీటు వారిదే. సభ్యులు కానివారిని ఎక్కించరాదు. అయితే ఏ సభ్యుడైనా గైర్హాజరైనచో ఆయన సీటును స్థానికావసరాలకు వినియోగించుకొనవచ్చునని నిబంధనలలో ఒక మూల ఉన్నది. నేను పాలనాపరమైన కారణముల వల్ల హాజరు కావడం లేదు. నా సీటు ఖాళీగా వచ్చును. తగు చర్య తీసుకోగలరు.

ఈ ఉత్తరం ఆఫీసు టపా సంచిలో వచ్చుచున్నది గనుక ఇంతటితో ముగించడమైనది.

విధేయుడు


మే 17

తమ్ముడికి,

నీ సీటు వచ్చింది. నువ్వు రాలేదు.

ఆ రోజు మీ బావ తెల్లవారకముందే లేచి గడ్డం గీసుకున్నారు. ఉతికిన చొక్కా వేసుకున్నారు. ఒక కాలికి చెప్పు, ఒక కాలికి కట్టు. అరుగు మీద కూర్చుని, నన్ను చూసీ చూడనట్టు, "వాడు రాగానే నేనేం మాట్లాడను. వాడే మొదలెట్టాలి" అన్నారు. నీ ఏప్రిల్ ఉత్తరం నాకూ సరిగ్గా అంతుబట్టలేదు. ఎలాగో వీలు చేసుకుని వస్తావనే అనుకున్నాం.

రెండు బండ్లూ పెళ్ళివారిలా వచ్చాయి. ఒక్కటీ ఊగలేదు, ఆగలేదు, మూలగలేదు. అంత నున్నటి దారిలో నేను మా ఆయాని తోపుడు బండిలో ఎక్కించి తీసుకురాగలను. తలుపులు తెరుచుకున్నాయి. ఒక్కొక్కరూ దిగారు. మీ బావ ప్రతి తలుపు వైపూ మెడ చాచి చూశారు. ఆఖరి సీటు ఖాళీ. నేను డ్రైవర్ని అడిగాను.

"ఇది స్థానికావసరాలకండి" అన్నాడు.

"అంటే నేనా?" అన్నారు మీ బావ.

డ్రైవరు కాగితం తీసి చూసి, "పేరు లేదండి. స్థానికావసరాలు అనే ఉంది."

ఆయన లేచారు. "కాలు అడిగాడు, సరే. ఇప్పుడు బండి కొండ దాకా వస్తే మొహం చూపించడానికి కూడా తీరిక లేదు. చిత్తు కాగితాల బుట్టలో వేసినట్టు ఖాళీ సీటు పంపాడు. నేను అవసరాన్ని కాదు, మనిషిని" అని లోపలికి వెళ్ళి తలుపు గడియ పెట్టుకున్నారు. తలుపు కొట్టాను. కాళ్ళు పట్టుకుంటానన్నాను. "పట్టుకో, ఒకటే ఉంది పట్టుకోడానికి" అన్నారు లోపల్నుంచి. ఇంజనీరుగారు టీ తాగేదాకా ఆగారు. తర్వాత, సీటు వృథా పోకూడదు కదా అని మా కేంద్రం ముందున్న పూలకుండీలు రెండు ఎక్కించి, పడిపోకుండా బెల్టు పెట్టి తీసుకుపోయారు.

మార్కులు రెండు బండ్లకీ సమానంగా వచ్చాయట. దిగడంలో ఏది మేలో మరో రోజు విడిగా చూడాలని లెక్కల అధికారి పట్టుబట్టారు. అందుకని పెట్టెని ఇక్కడే ఉంచి, అందరూ చేపలో వెళ్ళారు. అందులో చల్లగా ఉంటుంది కదా.

మర్నాడు తెల్లవారేసరికి వాన. నెల ముందు వచ్చింది. మూడో మలుపు నుంచి కిందికి దారి లేదు. రాళ్ళు లేని మట్టి పాలలో చక్కెరలా కరిగిపోయింది. అక్కడ ఇప్పుడు ఎర్రటి కోత, కింద లోయ. టపా మనిషి చెట్ల వేళ్ళు పట్టుకుని ఒక్కడే ఎక్కి వస్తున్నాడు. మనిషిని మోసుకుని దిగడం కుదరదు.

మా వాకిట్లో ఇప్పుడు జిల్లాలోకెల్లా గొప్ప బండి ఉంది. తాళంచెవి మేకుకి వేలాడుతోంది.

ఎందుకు రాలేదో చెప్పు. పాలనాపరమైన కారణాలని మాత్రం రాయకు.

అక్క


జూన్ 2

సూచిక: తమరి మే 17 నాటి ఉత్తరము.

అక్కయ్యకు,

కారణం ఈ క్రింది విధముగా ఉన్నది.

వాహనములలో ఎన్ని సీట్లున్నను, సభ్యునికి ఒక్కటి చొప్పున మాత్రమే మంజూరైనవి. నేను వచ్చియుంటే నా సీటు నాతో నిండియుండును. బావకు సీటు ఉండదు. బంధువు కొరకు అని రాస్తే సీటు రద్దగును, సంఘమూ రద్దగును. గైర్హాజరైతేనే సీటు ఖాళీ అగును గనుక గైర్హాజరైనాను. ఆ రోజు ఆఫీసులో కూర్చుని, బావ ఈ పాటికి రెండో మలుపు దాటి ఉంటారు, ఈ పాటికి ఊళ్ళోకి వచ్చి ఉంటారు అనుకుంటూ, సర్జన్ గది ముందు కుర్చీ పట్టుకోమని మీ మరదలిని పంపినాను. చేప వచ్చి ఆగినది. తలుపు తీసినాను. పూలకుండీలు.

రోడ్ల విభాగమును కలిసినాను. దారి ట్రయలు నిమిత్తం వేయబడినదనియు, ట్రయలు ముగిసినందున దారి అవసరం తీరినదనియు తెలిపినారు. హెలికాప్టరు అడిగినాను. గాలిలో ప్రయాణించు వాహనములు మా సంఘ పరిధిలోకి రావట. సర్జనుగారిని నడిచి రమ్మని బతిమాలినాను. "నేను ఎక్కుతానయ్యా, నా బల్ల, నా దీపాలు, మత్తిచ్చే మనిషి ఎక్కుతారా?" అన్నారు. మందులు పంపుచున్నాను. టపా మనిషి చేతికి ఇచ్చినాను. ఇవి రోజుకు మూడుసార్లు.

బావకు ఈ ఉత్తరం వినిపించగలరు.

తమ్ముడు


జూన్ 19

తమ్ముడికి,

వినిపించాను. ఆయన కాగితం తీసుకుని తనూ ఒకసారి చదువుకున్నారు. తర్వాత అడిగారు: "ఈ మాట ఏప్రిల్‌లోనే మనుషుల భాషలో రాయలేకపోయాడా?" అని. ఆ తర్వాత నవ్వారు. కట్టు కట్టించుకుంటూ నవ్వడం చాలా రోజులకి చూశాను.

కేంద్రం పైకప్పు ఆయన మంచం మీదే కారుతోంది. పెట్టె కారదు. అందుకని వెనక సీట్లు పడగొట్టి పరుపు వేసి ఆయన్ని అందులోకి మార్చాం. కాలు డ్రైవరు సీటు మీదికి చాపుకుని, కిటికీ అద్దం దించి, బడి పిల్లలకి అక్కణ్ణుంచే ఎక్కాలు చెప్పిస్తున్నారు. తప్పు చెప్పినవాణ్ణి కర్రతో హారన్ నొక్కి ఆపుతారు. "కదలని బండ్లలో ఇంత మంచిది ఇంకోటి లేదు. మీ తమ్ముడి సంఘానికి రాయి, నా ఓటు పెట్టెకే" అన్నారు.

నీకు చెప్పమని ఆయన చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "బావమరిదికి. నువ్వు పంపిన సీటు అందింది. కృతజ్ఞుణ్ణి. ప్రస్తుతం సీటులో కూర్చునే ఉన్నాను. బండి కదలడం లేదు, అది వేరే విభాగం వారి పని."

నవ్వు వచ్చిందా? నాకూ వచ్చింది. ఇప్పుడు నర్సుగా రాస్తున్నాను: నలుపు మడమ దాటింది. జ్వరం దిగడం లేదు. మందులు పనిచేసే దశ కాదిది. నీతో అబద్ధం చెప్పను.

అక్క


జూలై 1

విషయము: తుది ఎంపిక.

అక్కయ్యకు, బావకు,

సంఘం తన తుది నివేదిక సమర్పించినది. కొండమీద వానలో నెలన్నరగా నిలిచియున్నను ఒక్క మరమ్మతు కూడా కోరనందున, ఒక్క చుక్క ఇంధనం కూడా వాడనందున, పెట్టె అన్ని విధముల కొండకు తగిన వాహనమని నిర్ణయమైనది. దానిని మీ కేంద్రానికే శాశ్వతంగా కేటాయించినారు. ఎంత దూరం నడిచినదో నెలనెలా రాసి పంపవలసి ఉండును. చేపను అధ్యక్షులవారి ఇంటికీ ఆఫీసుకూ మధ్య పరీక్షించుట కొనసాగుచున్నది. క్యాంటీన్లో ఉప్పు తిరిగి అందించుకొనుచున్నారు.

బావకు: మీ ఓటు నమోదైనది. షరతులు (అ), (ఆ) ఇందుమూలముగా రద్దు. పేపరు మొదట మీదే. దోషాలు కావలసినన్ని దిద్దవచ్చును. ఇందులో మీ కోసమే రెండు వదిలినాను.

విధేయుడు


జూలై 5

తమ్ముడికి,

నీ ఉత్తరం ఇవాళ వచ్చింది. ఆయన పోయి వారం అవుతోంది. టపా మనిషి వాగు తగ్గేదాకా రాలేకపోయాడు గనుక ముందుగా నీకు చెప్పే దారి లేకపోయింది.

పెట్టెలోనే పోయారు. పెద్ద బాధ లేదు. జ్వరంలో ఉన్నారు, నన్ను పోల్చుకోలేదు. ఎవరికో సైకిలు నేర్పుతున్నట్టు "ముందుకి చూడు, కిందికి కాదు" అంటున్నారు. నీకేనేమో.

ఇక్కడే పైన, బడి వెనక. శిష్యులే మోశారు.

నువ్వు వదిలిన రెండు తప్పులూ వెతికాను. నాకు కనబడలేదు.

అక్క


జూలై 16

అక్కా,

ముందుగది సర్దాం. కిటికీ పక్కన మంచం వేశాం. నువ్వు వచ్చేసెయ్. నాకు నువ్వు కావాలి.

తమ్ముడు


జూలై 30

తమ్ముడికి,

రాలేను. నా బదులు మనిషి రావాలంటే దారి ఉండాలి. దారి వేయాలంటే అధికారులు వచ్చి చూడాలి. వాళ్ళు రావాలంటే దారి యోగ్యంగా ఉండాలి. ఇది నీకు నేను చెప్పాలా?

పైగా పెట్టె ఖాళీగా లేదు. మేకల కాపరి భార్య అందులో ఉంది, నిన్నటి నుంచి. కడుపులో నొప్పి, వాపు. కిందికి దించవలసిన కేసు. ఆమె మొగుడు పొద్దుట్నుంచి బండి చుట్టూ తిరుగుతున్నాడు. "అమ్మా, ఇంత పెద్ద బండి ఉంది కదా" అంటున్నాడు. "ఉంది" అన్నాను.

నీ ఉత్తరం అరుగు మీద కూర్చుని పైకి చదివాను. ఎవరూ నవ్వలేదు, ఎవరూ అర్థం అడగలేదు. చదవడం అయిపోయాక ఆయా అంది: "ఇట్టాంటి కాగితం ఒక్కటి వచ్చుంటే పంతులుగారు డోలీ ఎక్కేవారమ్మా." దానికి చదువు రాదు. నేను అవునన్నాను.

నిన్ను నొప్పించాలని రాయడం లేదు. ఇక్కడ ఈ సంగతి తెలిసినవాళ్ళం మేమిద్దరమే ఉన్నాం, నీకూ తెలియాలని రాశాను.

ఆమె పిలుస్తోంది, వెళ్ళాలి.

అక్క